పట్టుకున్న చోటు

బాలశౌరికి ఉన్న బాధల్లా నువ్వుగింజంత మచ్చ.

విజయవాడ ఆటోనగర్‌లో దస్తగిరి సాయిబు గారి షెడ్డు ఉంది. అక్కడ అల్యూమినియం సామాన్లకు అనోడైజింగ్ చేస్తారు. అన్నీ చిన్న సామాన్లే. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ల మూతలు, టార్చిలైట్ల గొట్టాలు, కెమెరా స్టాండ్ల బిళ్లలు. జిడ్డుతో, గీతలతో, పాలిపోయిన ముఖాలతో లోపలికి వస్తాయి. ఎర్రగానో నల్లగానో బంగారంలానో తయారై బయటికి పోతాయి. చూసినవాళ్లు పెయింటు వేశారనుకుంటారు. పెయింటైతే గోటితో గీకితే వచ్చేస్తుంది. ఇది మేకుతో గీకినా రాదు.

సామానుకు అల్యూమినియం తీగ కట్టి, యాసిడ్ తొట్టిలో వేలాడదీసి, ఆ తీగ గుండా కరెంటు పంపిస్తారు. ముప్పావు గంటలో ఆ లోహం తన ఒంట్లోంచే ఒక చర్మం పుట్టించుకుంటుంది. చర్మం నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. అప్పుడు రంగు నీళ్లలో ముంచితే, ఎండలో తిరిగొచ్చినవాడు చెంబు ఎత్తినట్టు గటగటా తాగేస్తుంది. ఆ తర్వాత మరిగే నీళ్లలో ఓ అరగంట ఉంచితే రంధ్రాలు మూసుకుపోతాయి. తాగిన రంగు ఇక లోపలే ఉంటుంది.

తీగ పట్టుకున్న చోట మాత్రం చర్మం పుట్టదు. తీగ ఒత్తుకుని ఉండటంతో యాసిడ్ అక్కడికి చేరదు. అందుకని ప్రతి సామాను మీదా ఎక్కడో ఒకచోట తెల్లటి చుక్క మిగిలిపోతుంది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో చేసినా మిగులుతుంది. పనితనమల్లా దాన్ని ఎవరి కంటా పడనిచోట, మర బిగిసే సందులోనో అంచు వెనకో దాచడంలో ఉంది.

శౌరి ఈ పనిలో చేరి ఏడేళ్లయింది. మొదటి రోజు జరిగింది అతనికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. స్ప్రేయరు మూత ఒకటి చేతికిచ్చి తీగ కట్టమన్నారు. మూత చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. అంచు సొట్టపోయింది. సాయిబు గారు తిట్టలేదు. "ఇటివ్వరా" అని తీసుకుని తానే తీగ కట్టారు. ఆయనది ఎడమచేతి వాటం. కట్టి, తొట్టిలో దించి, ముప్పావు గంటయ్యాక తీసి ఎర్రరంగులో ముంచి పైకెత్తారు. అప్పటిదాకా పాత సత్తు గిన్నెలా ఉన్న మూత దానిమ్మ గింజలా వెలుగుతోంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తల్లికి చెబుదామనుకున్నాడు గానీ, ఎలా చెప్పాలో తెలియక అన్నం తిని పడుకున్నాడు.

అంత అద్భుతంలోనూ ఆ చుక్క ఉంది. అదే అతనికి మింగుడుపడదు. ఎంత చక్కగా దాచినా అది అక్కడుందని తనకు తెలుసు కదా.

ఒక మంగళవారం హైమవతి గారు షెడ్డుకు వచ్చారు. గుంటూరులో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. పల్లెటూరి బడుల కోసం తన ఇంట్లోనే టెలిస్కోపులు తయారు చేస్తున్నారు. అద్దం చుట్టూ అమర్చే అల్యూమినియం రింగులు పన్నెండు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవి నల్లగా కావాలి బాబూ. గొట్టంలో బిగించాక లోపల ఎక్కడా మెరవకూడదు. కాస్త మెరిసినా పిల్లలకు చుక్క బదులు ఆ మెరుపే కనిపిస్తుంది."

"మెరవడం కాదు మేడమ్, అసలు మచ్చే ఉండదు," అన్నాడు శౌరి.

ఆవిడ అంత అడగలేదు. అతనే అన్నాడు.

హైమవతి గారు కళ్లజోడు సర్దుకుని అతన్ని పరకాయించి చూశారు. "నలభై బడులకు చేయాలి. అన్నీ ఒక్కరి చేతి మీదుగా జరిగితే బాగుంటుందని నా ఆశ. ఈ పన్నెండూ కుదిరితే మొత్తం నీకే ఇస్తాను. ఇంతకీ ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

శౌరి చుట్టూ చూశాడు. కప్పు రేకులకు చిల్లులు. చిల్లుల కింద బకెట్లు. గోడకు కట్టిన తాడు మీద వెలిసిన లుంగీ. చదువుకున్న మనిషి ముందు ఇదా నా బడి అని చెప్పడం? నోరు జారింది.

"ఎవరూ లేరు మేడమ్. చూసి, చదివి, సొంతంగా నేర్చుకున్నదే."

"భేష్," అని ఆవిడ వెళ్లిపోయారు. మళ్లీ వచ్చే వారం శనివారానికి వస్తానన్నారు.

మరిగే నీళ్ల తొట్టి మీద ఆవిరి కమ్ముకుని ఉంది. ఆవిరి పలచబడ్డాక అవతల దస్తగిరి సాయిబు గారు కనిపించారు. రబ్బరు తొడుగులు కడుక్కుంటున్నారు. నిదానంగా, ఒక్కొక్క వేలూ రుద్ది కడిగారు. తొడుగుల్ని తాడు మీద ఆరేశారు. తర్వాత ఇటు తిరిగారు.

"బాలశౌరి గారూ, ఆ తాళంచెవి ఇలా ఇస్తారా?"

శౌరి వెనక్కి తిరిగి చూశాడు, వేరే బాలశౌరి ఎవరైనా వచ్చాడేమోనని. ఎవరూ లేరు. ఏడేళ్లుగా ఆయన నోట తన పేరు "ఒరే శౌరీ" తప్ప ఇంకోలా రాలేదు. జ్వరంతో పడుకుంటే ఇంటికొచ్చి తలుపు తట్టినప్పుడూ "ఒరే", పెళ్లిలో అక్షింతలు వేసినప్పుడూ "ఒరే".

తాళంచెవి అందించాడు.

ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, కాళ్ల మీద పడేవాడు. మర్యాద చేసేవాడి కాళ్ల మీద ఎలా పడతారు? మర్నాడు టీ వచ్చినప్పుడు "ముందు మీరు తీసుకోండి" అన్నారు. శౌరి ఆ టీ తాగలేకపోయాడు. క్షమించమని అడగడానికి నాలుగైదుసార్లు నోరు తెరిచి, యాసిడ్ డబ్బాల గురించి ఏదో అడిగి ఊరుకున్నాడు.

మచ్చలేని రింగు చేసి చూపిస్తే అన్నీ సర్దుకుంటాయని అతనికి ఎందుకో అనిపించింది. ఆయనకూ సాధ్యం కానిది చేసి చూపిస్తే, సొంతంగా నేర్చుకున్నాననడం అబద్ధం కాకుండా పోతుందనుకున్నాడు కాబోలు.

షెడ్డులో ఆయన కళ్లెదుట చేయలేక రింగుల్ని గుణదలలోని తన ఇంటికి పట్టుకెళ్లాడు. డాబా మీద రెండు ప్లాస్టిక్ తొట్లు పెట్టాడు. ఒకదాంట్లో ఐసు పోసి, రెండో తొట్టిలో యాసిడ్ నీళ్లు కలిపి, వేడెక్కకుండా ఆ ఐసులో నిలబెట్టాడు. కరెంటుకు కారు బ్యాటరీ చార్జరు. బట్టలు ఆరేసుకునే చోటు ఆక్రమించినందుకు భార్య రోజ్‌మేరి రెండు మాటలు అని, అతని వాలకం చూసి మూడో మాట అనకుండా దిగిపోయింది.

మొదట నాలుగు రింగులకు వెంట్రుకంత సన్నటి తీగ, తగిలీ తగలనట్టు కట్టాడు. తీగ ఎంత తక్కువ తగిలితే మచ్చ అంత చిన్నది కదా. తొట్టిలో బుడగలు లేచేసరికి రింగులు ఊగాయి. ఊగినప్పుడల్లా పట్టు వదిలింది, కరెంటు తెగింది. పైకి తీసి నల్లరంగులో ముంచితే సగం బూడిద, సగం గోధుమరంగు. బొల్లి వచ్చినట్టున్నాయి.

తర్వాత ఇంకో నాలుగు. ఈసారి గట్టిగానే కట్టి, సగం సమయం గడిచాక కరెంటు ఆపి, తీగ విప్పి మరోచోట కట్టాడు. మొదట పట్టుకున్న చోట ఇప్పుడు చర్మం పుడుతుందని ఆశ. చార్జరు వేశాడు. దాని మీద కరెంటు చూపించే ముల్లు లేవలేదు. ఒకసారి పుట్టిన చర్మం కరెంటును లోపలికి రానివ్వదు. కొత్తగా ఎవరు పట్టుకున్నా ఆ లోహానికి అందేది ఏమీ ఉండదు. ఇది అతనికి తెలియనిదేం కాదు. తెలిసే చేశాడు.

చివరికి ఒక రింగును నైలాన్ దారంతో వేలాడదీసి చూశాడు. అది చెప్పుకుంటే నవ్విపోతారు. ముప్పావు గంట యాసిడ్‌లో మునిగి, ఎలా వెళ్లిందో అలాగే పాలిపోయి తిరిగొచ్చింది, యాసిడ్ కొరికిన గుంటలు మాత్రం అదనం.

పాడైన రింగుల మీది చర్మాన్ని కాస్టిక్ సోడాలో కరిగించి మళ్లీ చేయొచ్చు. కానీ చర్మంతోపాటు బిగించే మరల చుట్లు కూడా అరిగిపోతాయి. అరిగిన రింగు గొట్టంలో లొడలొడలాడుతుంది. అంటే తొమ్మిది రింగులు పోయినట్టే. మిగిలినవి మూడు. చేతిలో ఉన్నది ఒక్కరోజు.

శుక్రవారం పొద్దున్నే షెడ్డుకు వెళ్లి తొమ్మిదింటినీ సాయిబు గారి ముందు బల్ల మీద పరిచాడు.

ఆయన ఒక్కొక్కటే తీసుకుని వెలుగులోకి తిప్పి చూశారు. నైలాన్ దారం రింగును మాత్రం రెండుసార్లు చూశారు.

"కూర్చోండి," అన్నారు.

అటక మీద నుంచి తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా దించారు. మూతలు, బిళ్లలు, మరలు అన్నీ వెతికి, అడుగు నుంచి ఒక ఎర్రటి మూత తీశారు. దాన్ని అతని అరచేతిలో పెట్టి, కరెంటు పోతుందో లేదో చూసే మీటరు పక్కన పెట్టారు. మీటరుకు రెండు సూదులుంటాయి. రెండిటినీ లోహానికి ఆనిస్తే 'కీ' అని అరుస్తుంది.

"ఇది ఎక్కడ పలుకుతుందో చూడండి. గుచ్చొద్దు. ఆనిస్తే చాలు."

అంతే చెప్పి ఆయన తన పనిలోకి వెళ్లిపోయారు.

శౌరి సూదులు రెంటినీ దగ్గరగా పట్టుకుని మూత నెత్తిన ఆనించాడు. పలకలేదు. పక్కన ఆనించాడు. పలకలేదు. చుట్టూ తిప్పుతూ వరుసగా ఆనించుకుంటూ వచ్చాడు. మీటరు చెడిపోయిందేమోనని బల్లకున్న ఇనుప మేకు మీద పెట్టి చూశాడు. 'కీ' అంది. మళ్లీ మూత మీద పెట్టాడు. నిశ్శబ్దం.

ఏడేళ్లలో వేల సామాన్లు చేశాడు గానీ, ఒకదాన్ని ఇంతసేపు ఎప్పుడూ పట్టుకోలేదు. లోపలంతా లోహమే. ఊళ్లకు ఊళ్లు దాటి కరెంటును మోసుకుపోయే తీగలు కూడా ఈ లోహంతో చేసినవే. దాని మీద వెంట్రుకలో ఐదోవంతు మందం లేని చర్మం, దాని ఒంట్లోంచి పుట్టిందే, కరెంటును బయటే నిలబెట్టేసింది. ఇంత గట్టిది, ఇంత పలచనిది, ఎవరూ అతికించనిది. శౌరికి గుండె నెమ్మదించింది. రింగుల సంగతి కాసేపు మరిచిపోయాడు. సూది మొనల్ని పసిపిల్లాడి బుగ్గ తాకినట్టు తాకిస్తూ వెతికాడు.

ఎండ రేకుల చిల్లుల్లోంచి గచ్చు మీదికి దిగింది. టీ వచ్చి చల్లారింది.

మూతను వెల్లకిలా తిప్పాడు. లోపల మరలున్నాయి. మొదటి చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టు కింద, అంచు వెనక, సూదులు కాస్త పక్కకు జారాయి.

'కీ.'

ఉలిక్కిపడి సూదులు ఎత్తేశాడు. మళ్లీ పెట్టాడు. 'కీ.' పక్కన, చీమతల దూరంలో, నిశ్శబ్దం. మళ్లీ అక్కడే, 'కీ.' ఇంత పెద్ద మూతలో ఆ ఒక్క చుక్కే పలుకుతోంది. దాన్ని వెలుగులోకి వంచి చూశాడు. తెల్లగా, నువ్వుగింజంత, ఎడమవైపుకు ఒరిగి ఉంది.

అప్పుడు అతని బొటనవేలికి అంచు మీద ఏదో తగిలింది. తడిమి చూశాడు. సొట్ట.

ఆ సొట్ట అతను మరిచిపోయేది కాదు. సిమెంటు గచ్చు మీద మూత పడ్డ చప్పుడు చెవుల్లో మోగింది. ఏడేళ్లు ఆ డబ్బా అడుగున ఉందన్నమాట. తాను ఏ రోజూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"గురువుగారూ, ఇది..."

సాయిబు గారు మధ్యాహ్నం నమాజుకు కాళ్లు కడుక్కుంటున్నారు. తల తిప్పకుండానే అన్నారు.

"కరెంటంతా అక్కణ్ణుంచే పోయింది. అక్కడ రంగు పట్టదు మరి."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు.

శౌరి చాలాసేపు ఆ మూతను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది. ఎవరూ లేరు కదా అని రానిచ్చాడు. తర్వాత లేచి మొహం కడుక్కుని, మిగిలిన మూడు రింగుల్నీ ముందు పెట్టుకున్నాడు.

జిడ్డు పోయేదాకా కడిగాడు. నీళ్లు పోస్తే ఎక్కడా చుక్కలుగా విడిపోకుండా ఒకే పొరలా జారిపోవాలి, అప్పుడే శుభ్రమైనట్టు. మొదటి రింగు తీసుకుని, మరల్లో చిట్టచివరి చుట్టులో, గొట్టం బిగిస్తే పూర్తిగా మూసుకుపోయే చోట, లావుపాటి తీగను ఆనించి గట్టిగా మెలిపెట్టాడు. మెలిపెట్టి ఆగిపోయాడు.

అతనిది కుడిచేతి వాటం. మెలిక మాత్రం ఎడమకు తిరిగి ఉంది.

రెండో రింగు కట్టాడు, తన చేతుల్ని తానే చూసుకుంటూ. వేళ్లు వాటంతటవే ఎడమకు తిప్పాయి. మూడోదాన్ని కావాలని కుడివైపుకు తిప్పబోయాడు. చేయి మొరాయించింది. ఏడేళ్లుగా రోజుకు రెండు మూడు వందల తీగలు ఇలాగే కట్టాడు, ఒక్కసారీ గమనించలేదు. ఇక దాన్నీ ఎడమకే తిప్పి కట్టాడు.

ముప్పావు గంట ముల్లు వంకే చూస్తూ నిలబడ్డాడు. నల్లరంగును మూడూ ఒకేలా తాగాయి. మరిగే నీళ్లలోంచి తీసేసరికి బావిలోకి తొంగిచూసినంత నలుపు.

శనివారం పది గంటలకు హైమవతి గారు గొట్టం చంకలో పెట్టుకుని వచ్చారు. శౌరి బల్ల మీద ఒకవైపు మూడు రింగులు, రెండోవైపు తొమ్మిది రింగులు పెట్టాడు.

"ఇవి మూడూ కుదిరాయి మేడమ్. ఈ తొమ్మిదీ నేనే పాడుచేశాను. మచ్చే ఉండదని గొప్పకు పోయి చేసిన పని. మీరు ఇంకెవరికైనా ఇవ్వాలనుకుంటే ఇవ్వండి."

ఆవిడ తొమ్మిదింటినీ చూసి పెదవి విరిచారు. మూడింట్లో ఒకటి తీసి గొట్టంలో బిగించి, వాకిట్లోకి పట్టుకెళ్లి వెలుతురు వైపు పెట్టి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు. తిప్పి మళ్లీ చూశారు.

"ఎక్కడా మెరవట్లేదే," అన్నారు మెల్లగా. గొంతులో పంతులమ్మ బింకం పోయి చిన్నపిల్ల ఆశ్చర్యం వచ్చింది. "రాత్రిని తెచ్చి బిగించినట్టుంది."

రింగు విప్పి చేతిలోకి తీసుకుని, భూతద్దం పెట్టి మరలు ఒక్కొక్కటే పరీక్షించారు. చివరి చుట్టు దగ్గర భూతద్దం ఆగింది.

"ఇక్కడేదో చుక్క ఉందే."

"ఉందండి."

"గొట్టంలో కనబడదులే, నాకు అడ్డం కాదు. కానీ ఏంటిది? రంగు ఎందుకు పట్టలేదు?"

మరిగే నీళ్ల తొట్టి మీద ఆవిరి లేస్తోంది. అవతల ఎవరో కదిలిన అలికిడైంది. శౌరి అటు చూడలేదు. మీటరు తీసి, సూదులు రెంటినీ రింగు మీద చుట్టూ ఆనించి చూపించాడు. ఎక్కడా పలకలేదు. చివరికి ఆ చుక్క మీద ఆనించాడు. 'కీ' అంది.

"ఇది పట్టుకున్న చోటండి. రింగుకు వచ్చిందంతా ఇక్కణ్ణుంచే వచ్చింది."

హైమవతి గారు చుక్కను మళ్లీ చూశారు. "ఎడమకు వాలి ఉందే. నీది కుడిచేతి వాటం కదా?"

"మా గురువుగారిది ఎడమచేయండి," అన్నాడు శౌరి. "దస్తగిరి సాయిబు గారు. ఈ షెడ్డు ఆయనదే. నాకు పనంతా ఆయనే నేర్పారు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

ఆవిడ ఏదో అనబోయారు. ఈలోపు ఆవిరి అవతల నుంచి గట్టిగా కేక వినిపించింది.

"ఒరే శౌరీ! నీళ్లు మరిగిపోతున్నాయిరా, ఇటు రా."